అసలుతో సరిపోల్చి చూడబడినది

తప్పంతా నాదే. ఆ రోజు ఫైల్లో 'నకలు' అన్న మాట రాయకుండా ఉండాల్సింది.

మా గంగాడపేట పురపాలక సంఘంలో జనన మరణాల విభాగం అంటే మూడు కుర్చీలు, ఒక ఇనుప బీరువా, ఒక కంప్యూటరు, నేను. నా పేరు గెంబలి సూర్యారావు. ఉద్యోగం కంప్యూటర్ ఆపరేటరు. పందొమ్మిదివందల తొంభై ఎనిమిది నుంచి రెండువేల పదహారు దాకా ఊళ్లో పుట్టిన పందొమ్మిది వేల చిల్లర మంది ఆ ఒక్క కంప్యూటర్లోనే ఉన్నారు. ఆ తర్వాతివాళ్లు రాష్ట్ర సర్వర్లోకి వెళ్లారు. తొంభై ఎనిమిదికి ముందువాళ్లంతా పుస్తకాల్లో ఉండేవారు. పుస్తకాలకు చెదలు పట్టాయి. చెదలు పట్టిన పుస్తకాలను ఏం చేయాలో రూలుంది కాబట్టి ఇద్దరు సాక్షుల సమక్షంలో తగలబెట్టాం. చెదలు పట్టకుండా ఏం చేయాలో కూడా రూలు ఉండే ఉంటుంది. అది బహుశా ఆ పుస్తకాల్లోనే ఉండి ఉంటుంది.

ఆ కంప్యూటరు నాలుగు నెలలుగా టిక్కు టిక్కుమంటోంది. లోపలి హార్డ్ డిస్కు అరిగిపోయింది. ఇవాళో రేపో ఆగిపోతుంది. దీనికి మందు ఉంది. ఒక సాఫ్ట్‌వేరు వేసి, పాత డిస్కులో ఉన్నదంతా ఉన్నదున్నట్టుగా కొత్త డిస్కులోకి దింపుకోవచ్చు. చెరిగిపోయినవేమైనా ఉంటే అదే సాఫ్ట్‌వేరు వాటినీ వెతికి పట్టుకొస్తుంది. కొత్త డిస్కు రెండేళ్లుగా బీరువాలోనే ఉంది. మొత్తం అరపూట పని.

మా ఆఫీసులో ఏది రాసినా తెలుగులోనే రాయాలి. అందుకని తెలుగులోనే రాశాను. "సదరు కంప్యూటరు నందలి డిస్కునకు నకలు తీయుటకును, పోయిన దాఖలాలను రికవరీ చేయుటకును తగిన సాఫ్ట్‌వేరును స్థాపించుటకు అనుమతి కోరడమైనది." ఒక్కటే వాక్యం. చదువుకుని నాకు నేనే ముచ్చటపడ్డాను. ఫైలు పంపింది ఒకటో తారీఖు ఉదయం పదకొండింటికి.

పన్నెండింటికి ఒక తండ్రీ కూతురూ వచ్చారు. తండ్రి పేరు దన్నాన గురయ్య, మార్కెట్లో బస్తాలు మోస్తాడు. కూతురు పైడితల్లి బరువులు ఎత్తుతుంది. గుమ్మంలో ఎవరో అడ్డంగా పెట్టిన సిమెంటు బస్తాను ఆ పిల్ల నాన్నతో మాట్లాడుతూనే ఎత్తి పక్కన పెట్టి లోపలికొచ్చింది.

"పదిహేడేళ్లలోపు పిల్లలకి రాష్ట్రం పోటీలంట బాబూ," అన్నాడు గురయ్య. "మా గుంటని తీసుకున్నారు. ఆదార్ల మటుకు ఎవుడో రెండువేల ఆరు అని కొట్టీసినాడు. బడిల కూడా అదే ఎక్కించీసినారు. ఇది పుట్నాది రెండువేల ఎనిమిది, ఆగస్టు. మీ కాయితం ఉంటేనే గాని ఆడనివ్వరట. ఇరవయ్యో తారీకు సాయంత్రం అయిదుకల్లా స్టేడియంలో ఇచ్చియ్యాల."

"ఐదు నిమిషాలు కూర్చోండి," అని మౌస్ మీద చెయ్యి వేశాను.

"సూర్యారావ్! చెయ్యి తియ్యి."

మా సూపరింటెండెంటు వఝ్ఝల చిదంబరం గారు. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో ఆయన ఒక్క తప్పు కూడా చేయలేదు. తప్పు జరిగే అవకాశం ఉన్న ఏ పనీ ఆయన చేయలేదు మరి. ఆయన చేతిలో నా ఫైలు ఉంది, 'నకలు' అన్న మాట కింద ఎర్ర గీత ఉంది.

"నకలు తీయవలెనని నీవే కోరియున్నావు. నకలు తీయబోవు అసలును ఇకపై ఎవరూ ముట్టరాదు. అసలు కదిలినచో నకలు దేనికి నకలు?"

"ఒక్క కాగితం ప్రింటు తీస్తే అసలు ఎక్కడికీ కదలదు సార్."

"నేడు కాగితము. రేపు?"

ఆయన కొవ్వొత్తి వెలిగించి కంప్యూటరు మీట మీద లక్క పోసి ముద్ర వేశారు. ఒక గంట ఆలస్యంగా ఫైలు పంపి ఉంటే పైడితల్లి కాగితం పట్టుకుని వెళ్లిపోయేది. ఆ మాట ఆ మూడు వారాలూ నా గుండెలో ముల్లులా గుచ్చుతూనే ఉంది.

'రికవరీ' అన్న మాట అకౌంట్సు విభాగానికి వెళ్లింది. మా శాఖలో రికవరీ అంటే ఒక్కటే అర్థం. "పోయినదానికి బాధ్యుడెవరు? ఎవరి జీతంలోంచి రికవరీ చేయవలెను?" అని మూడో తారీఖున నాకు మెమో ఇచ్చారు. ఇంకా ఏమీ పోలేదని జవాబు రాశాను. "పోయిన వెంటనే తెలియజేయవలెను" అని తిరుగు మెమో వచ్చింది.

'స్థాపించుట' నేరుగా కమిషనర్ గారి దగ్గరికి వెళ్లింది. స్థాపన అన్నాక ముహూర్తం, కొబ్బరికాయ, శిలాఫలకం లేకుండా ఎలా ఉంటుంది? నాలుగో తారీఖున గోడకి పాలరాతి పలక బిగించారు. 'డిస్కు నకలు సాఫ్ట్‌వేరు స్థాపన' అని పైన, కమిషనర్ గారి పేరు మధ్యలో, చిదంబరం గారి పేరు కింద. లక్క తీసి, కంప్యూటరుకు బొట్టు పెట్టి, సాఫ్ట్‌వేరు వేయడం మొదలుపెట్టాను. కాసేపటికి తెర మీద పదునాలుగు పేజీల షరతులు, వాటి అడుగున 'నేను అంగీకరిస్తున్నాను' అని ఒక మీట వచ్చాయి. నొక్కబోయాను.

"ఆగు," అన్నారు చిదంబరం గారు. "సంస్థ తరఫున అంగీకరించుటకు ఆపరేటరుకు అధికారమున్నదా?"

"లేదు సార్. మీరు నొక్కండి."

"నాకు సిఫారసు చేయు అధికారమే ఉన్నది. అంగీకరించునది కమిషనర్ గారు."

కమిషనర్ గారు ఒక అడుగు వెనక్కి వేశారు. "నో నో. ఫ్యూచర్లో ఆడిట్ వాళ్లు ఎందుకు అంగీకరించావయ్యా అంటే? కౌన్సిల్ రాటిఫికేషన్‌కి లోబడి అంగీకరిస్తున్నాను అని ఏమైనా బటన్ ఉందా?"

లేదు. 'అంగీకరిస్తున్నాను', 'అంగీకరించడం లేదు' అని రెండే ఉన్నాయి. ఇంత తొందరపాటు మనిషి రాసిన సాఫ్ట్‌వేరును ఎలా నమ్మాలని చిదంబరం గారు సందేహపడ్డారు. చివరికి కమిషనర్ గారు నా చూపుడువేలును మౌసు మీట మీద పెట్టించి, చిదంబరం గారు నా మణికట్టు పట్టుకోగా, తాను చిదంబరం గారి భుజం మీద చెయ్యి వేశారు. నొక్కింది ఎవరన్నది ఇప్పటికీ ఏ రికార్డులోనూ లేదు.

ఐదో తారీఖు మధ్యాహ్నానికి పని అయిపోయింది. మూడు గంటల్లో పాత డిస్కంతా కొత్తదానిలోకి దిగింది. మరో పది నిమిషాల్లో సాఫ్ట్‌వేరు రెండింటినీ అక్షరం అక్షరం పోల్చి చూసి, తేడా లేదని తెర మీద చూపించింది. నేను గురయ్యకు ఫోన్ చేయబోయాను.

"తాను తీసిన నకలు సరిగానున్నదని తానే చెప్పుకొనునా?" అన్నారు చిదంబరం గారు. "ఏ నకలైననూ గెజిటెడ్ అధికారి ధ్రువీకరించవలెను. ఆకుపచ్చ సిరాతో. 'అసలుతో సరిపోల్చి చూడబడినది' అని."

కమిషనర్ గారు డిస్కును అటూ ఇటూ తిప్పి చూశారు. "సంతకం పెడతాను. కానీ పర్సనల్‌గా కంపేర్ చేశారా? ఎవరు చదివారు? ఎవరు చూశారు?"

అక్కడితో అయిపోయింది. మా ఆఫీసులో నకళ్లు పోల్చడానికి తరతరాల పద్ధతి ఒకటుంది. ఒకరు నకలు చూస్తూ పైకి చదవాలి. ఇంకొకరు అసలు చూస్తూ 'సరి' అనాలి. ఒకరి కాగితం ఒకరికి కనబడకూడదు. పందొమ్మిది వేల జననాలకూ ఇదే పద్ధతి. కొత్త డిస్కును పక్క విభాగం నుంచి తెచ్చిన కంప్యూటర్లో పెట్టారు. రెండు బల్లలు ఎదురెదురుగా వేసి, మధ్యలో ఎన్నికలప్పుడు వాడే అట్టల తెర నిలబెట్టారు. అటువైపు నకలుతో చిదంబరం గారు. ఇటువైపు టిక్కు టిక్కుమనే అసలుతో నేను.

"సరిపోల్చిన జననములకు మాత్రము నకలు నుండి పత్రములు ఈయవచ్చును," అని చిదంబరం గారు దయతలిచారు. "క్రమము తప్పరాదు."

లెక్క వేసుకున్నాను. రోజుకు ఒక సంవత్సరం చదవగలం. రెండు ఆదివారాలు, రెండో శనివారం, ఒక పండగ పోను, ఆరో తారీఖున మొదలుపెడితే రెండువేల ఎనిమిది సరిగ్గా ఇరవయ్యో తారీఖునే వస్తుంది. అదీ ఈలోగా ఈ డిస్కు ప్రాణాలతో ఉంటే.

"కూసింత మా గుంటది ముందు సదివీండి బాబూ," అని గురయ్య బతిమాలాడు.

"ముందు పుట్టినవారి కంటే ముందు ఆమెను ఎట్లు చదువుదును?" అన్నారు చిదంబరం గారు. ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే అది ఎలా సాధ్యమో ఆయనకు అర్థం కాలేదు.

ఆయన గొంతు పెద్దది. రెండోరోజుకల్లా కిటికీ బయట జనం చేరారు. ఎవరి పేరు ఎప్పుడు వస్తుందోనని మరమరాలు తింటూ కూర్చునేవారు. కొన్నాళ్లకు మైకు పెట్టించమని వినతిపత్రం ఇచ్చారు. తొమ్మిదో వార్డు యువనాయకుడు మొన్ననే పాతికో పుట్టినరోజు అని వీధి పొడుగునా ఫ్లెక్సీలు కట్టించాడు. అతనికి ఇరవై రెండేనని తేలింది. ఒకావిడ కిటికీ ఊచలు పట్టుకుని, "ఓలమ్మో, మావోడు తెల్లారగట్ల పుట్నాడు! సాయంత్రం ఆరు అంటారేటి? ఆ టయానికే జాతకం రాయించీసినాం!" అని కేకలు వేసింది.

"అమ్మా, అసలునందలి తప్పు నకలునందు కూడ తప్పుగానే ఉండవలెను," అన్నారు చిదంబరం గారు. "లేనిచో అది నకలు కాదు. సూర్యారావ్?"

"సరి," అన్నాను.

పైడితల్లి రోజూ బడి అయ్యాక వచ్చి గుమ్మం పక్కన నిలబడేది. ఏమీ అడిగేది కాదు. ఒకరోజు మాత్రం, "సార్, మీ మిసను దగ్గుతున్నట్టుంటాది. మా మామ్మ కూడా ఇలాగే దగ్గీది," అంది. మామ్మ ఎలా ఉందని అడగబోయి ఊరుకున్నాను. నాకు నిజంగానే భయం వేసింది. ఆ పిల్ల పొద్దున్నే నాలుగింటికి లేచి తొంభై కేజీలు నెత్తిమీదికి ఎత్తుతోంది. మేము ఫ్యాను కింద కూర్చుని మధ్యనున్న ఒక్క అట్టల తెరను ఎత్తలేకపోతున్నాం.

ఇరవయ్యో తారీఖు వచ్చింది. ఉదయం పదిన్నరకు రెండువేల ఎనిమిది జనవరి. మధ్యాహ్నం భోజనానికి చిదంబరం గారు మామూలుగా గంట తీసుకుంటారు. ఆ రోజు ఆయన బాక్సు మూత తీసేలోపే గురయ్య ఆయన ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన పది నిమిషాల్లో తినేశారు. రెండున్నరకు జూలైలోకి వచ్చాం. బయట గురయ్య అద్దెకు తెచ్చిన ఆటో ఇంజను ఆపకుండా ఉంది. స్టేడియానికి ముప్పావుగంట దారి.

జూలై పద్దెనిమిది, మగశిశువు, తండ్రి పేరు రౌతు సింహాచలం. "సరి," అన్నాను. జూలై పందొమ్మిది, ఆడశిశువు. సరి అనబోతుండగా తెర నీలంగా మారింది. తర్వాత నల్లగా మారింది. నాలుగు నెలలుగా ఆగకుండా కొట్టుకున్న టిక్కు టిక్కు ఆగింది.

మీట నొక్కి చూశాను, లేవలేదు.

అట్టల తెర అవతల నుంచి చిదంబరం గారు, "శబ్దము ఆగినదేమి?" అన్నారు.

నల్లటి తెరలో నా ముఖమే నాకు కనబడింది. దాని వెనకాల గుమ్మంలో పైడితల్లి. అసలు పోయిందంటే సరిపోల్చడం ఉండదు. జూలై పందొమ్మిది తర్వాత ఈ ఊళ్లో పుట్టినవాళ్లెవరూ పుట్టినట్టు కాదు. కమిటీ వేస్తారు. అకౌంట్సు వాళ్లు రికవరీ మెమో బయటికి తీస్తారు. కమిటీ తేల్చేసరికి ఆ పిల్లకు పెళ్లయి పిల్లలు పుడతారు. రెండో డిస్కులో అక్షరం తేడా లేదని సాఫ్ట్‌వేరు పదిహేను రోజుల కిందటే చూసి చెప్పింది. అది నాకు తెలుసు. తెలియాల్సినవాళ్లకు తెలియదు.

"బాగైపోయినట్టుంది సార్," అన్నాను.

"సంతోషము. జూలై పందొమ్మిది, ఆడశిశువు, తండ్రి పేరు..."

"సరి."

నా జీవితంలో ఒక్కసారి కూడా నేను అంత గట్టిగా ఆ మాట అనలేదు. జూలై ముప్ఫై ఒకటి, సరి. ఆగస్టు నాలుగు, సరి. మూడూ నలభైకి చిదంబరం గారు గొంతు సవరించుకుని, "ఆగస్టు పదకొండు, ఆడశిశువు, తండ్రి పేరు దన్నాన గురయ్య, తల్లి పేరు దన్నాన రాజులమ్మ," అని చదివారు.

కిటికీ బయట మరమరాల చప్పుడు కూడా ఆగింది.

"సరి," అన్నాను. కళ్లు చెమర్చాయి. నల్లటి తెర మీద అవి కూడా కనబడ్డాయి.

మూడూ నలభై ఎనిమిదికి గురయ్య కాగితం పట్టుకుని పరిగెత్తాడు. అది నాన్న చేతిలో నలిగిపోతుందని పైడితల్లి లాక్కుని తానే పట్టుకుంది. ఆటో సందు తిరిగేదాకా జనం ఈలలు వేశారు.

నాకు మాత్రం ఇంకా నాలుగు నెలలూ ఎనిమిది సంవత్సరాలూ మిగిలాయి. అవన్నీ నల్లటి తెర చూస్తూనే సరి అన్నాను. ఒకే గొంతుతో అంటే అనుమానం వస్తుందని మధ్యమధ్య "ఏదీ, మళ్లీ చదవండి సార్" అనేవాణ్ణి. అలా అన్నందుకు నా శ్రద్ధను మెచ్చుకుంటూ చిదంబరం గారు పై అధికారులకు రాశారు.

నెలాఖరుకు కమిషనర్ గారు డిస్కు మీద కాగితం అంటించి ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టారు. ఆ తర్వాత గుండ్రటి ముద్ర. బంట్రోతు ముద్రను పైకెత్తేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. డిస్కు కింద నా తువ్వాలు నాలుగు మడతలు పెట్టాను. దబ్బున పడింది. డిస్కు బతికింది.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. "ధ్రువీకరించబడిన నకలు మిక్కిలి విలువైనది గనుక దానిని ఇనుప బీరువా నందు భద్రపరచవలెను. రోజువారీ పనులకు అసలును మాత్రమే వినియోగించవలెను."

నాలుగుసార్లు చదివాను. తర్వాత కూర్చుని, ఈసారి ఒక్కో మాటా తూచి మరీ రాశాను. "అసలు, కమిషనర్ వారు నకలుపై సంతకము చేసిన మరునాడు ఉదయము, వయోభారముచే మరణించినది." తేదీ విషయంలో నేను చాలా జాగ్రత్తపడ్డాను. అసలు ఇరవయ్యో తారీఖున పోయిందని రాస్తే పైడితల్లి పుట్టనట్టే.

చిదంబరం గారు ఫైలు వెంటనే తిప్పి పంపారు. "మరణ ధ్రువపత్రము జతచేయలేదు. జతచేసి తిరిగి సమర్పించవలెను."

మరణ ధ్రువపత్రం ఇచ్చేది మా విభాగమే. ఇవ్వాలంటే కంప్యూటరు కావాలి. కంప్యూటరు నడవాలంటే డిస్కు కావాలి. ఆ డిస్కు బీరువాలో ఉంది. కాబట్టి "అసలు మరణమును నమోదు చేయు నిమిత్తము" నకలును బయటికి తీయడానికి చిదంబరం గారే లిఖితపూర్వకంగా అనుమతి ఇచ్చారు. ఆ నమోదు ఇప్పటికీ పూర్తికాలేదు. మృతుని తండ్రి పేరు దగ్గర ఆగింది. దాని మీద పైకి రాశాం, జవాబు రావాలి. జవాబు వచ్చేదాకా ఆ డిస్కు నా కంప్యూటర్లోనే ఉంటుంది. ఊరు మామూలుగా పుడుతోంది, పోతోంది.

పోయిన శుక్రవారం పైడితల్లి స్వీటు డబ్బాతో వచ్చింది. మెడలో పతకం ఉంది, రాష్ట్రంలో రెండో స్థానం. గురయ్య ఆనందం పట్టలేక ఆ పాలరాతి పలకకు కూడా దండం పెట్టాడు. చిదంబరం గారు కళ్లజోడు సవరించుకుని పతకాన్ని చేతిలోకి తీసుకున్నారు. ముందు చూశారు. వెనక చూశారు. ఎక్కడా ఆకుపచ్చ సంతకం లేదు.

"ఇది అసలా, నకలా?" అన్నారు.

"మెడల్ సంగతి నాకు తెలీదండి," అంది పైడితల్లి. "ఎత్తిన బరువు మటుకు అసలుదే."

చిదంబరం గారు నా వైపు చూశారు.

"సరి," అన్నాను.